మీఠా పానీ చేపలు

మా తాత వల వేసి బతికాడు. మా నాన్నకూ సొంత పడవ ఉండేది. అలాంటి ఇంట్లో పుట్టిన నేను, కూరకూ పులుసుకూ పనికిరాని చేపల్ని ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోయించుకుని మరీ కొనుక్కొచ్చానంటే పైనున్న మా వాళ్లు ఎంత నవ్వుకుని ఉంటారో నాకు తెలుసు. నవ్వుకోనీ. నాకు నచ్చాయి, తెచ్చుకున్నాను.

ఆఫీసులో నా పక్క సీటు మేడమ్‌కి మా దీవుల నుంచి మెయిన్‌లాండ్‌కి బదిలీ అయినప్పుడు ఆవిడ గాజు తొట్టె ఎవరికీ అక్కర్లేకపోయింది. నాకు ప్రాణం ఒప్పలేదు. డెలానీపూర్‌లో ఆవిడ ఇంటి నుంచి షాదీపూర్‌లో మా ఇంటి దాకా ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆటో భయ్యా ప్రతి గుంట దగ్గరా "దీదీ, సంభాల్‌కే", జాగ్రత్త అంటూనే ఉన్నాడు గాని, ఒక్క గుంటనీ వదలకుండా అన్నిట్లోనూ దించాడు. ఇంటికొచ్చేసరికి నా మోకాళ్లు వాచాయి. తొట్టెకి గీత పడలేదు.

బజార్లో రంగు చేపలమ్మే బెంగాలీ భయ్యా నాకు నియాన్ టెట్రాలు చూపించాడు. వేలి కణుపంత చేపలు. ఒంటి పొడవునా నీలం గీత, తోక వైపు ఎరుపు. లైటు పడితే ఆ నీలం మెరుస్తుంది. "ఒకటో రెండో ఇవ్వు, చూద్దాం" అన్నాను. ఇవ్వనన్నాడు. డబ్బులిస్తానంటే చేపలివ్వనంటాడేమిటని నాకు ఒళ్లు మండింది. "అకేలీ నహీఁ రహతీ దీదీ. ఝుండ్ మే రహతీ హై" అన్నాడు నెమ్మదిగా. ఒంటరిగా ఉంచితే బెంగపడి, తిండి మానేసి, రంగు వెలిసిపోయి చచ్చిపోతాయట. గుంపుగా తీసుకుపోతే తీసుకుపో, లేకపోతే లేదు అన్నాడు. గుంపే తెచ్చాను.

పుట్టిన దగ్గర్నుంచీ చేపల మధ్యే పెరిగాను. పొలుసు గీకాను, మొప్పలు పీకాను, ఎండబెట్టాను. నాన్న తెచ్చే చేపల కళ్లు ఎప్పుడూ తెరిచే ఉండేవి గాని నన్ను చూసేవి కావు. ఈ తొట్టెలోవి చూసేవి. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పగానే అన్నీ కలిసి ముందు గాజు దగ్గరికి వచ్చేవి. ఒకటి తిరిగితే అన్నీ తిరిగేవి. ముందు తిరిగింది ఏదో కనిపెడదామని ఎంత కళ్లు చించుకుని చూసినా నాకు దొరికేది కాదు. మా ఆయన పోయి చాలా ఏళ్లైంది. కొడుక్కి ద్వీపాల మధ్య తిరిగే బోటులో ఉద్యోగం, వెళ్తే వారానికో పది రోజులకో గాని ఇంటి ముఖం చూడడు. ఆ ఇంట్లో నాకు మాట్లాడే దిక్కు ఈ చేపలే. ఆఫీసులో ఎవరి మీద కోపం వస్తే వాళ్ల పేరు పెట్టి వీటికి చెప్పేదాన్ని. ఎదురు చెప్పకుండా వినేవి.

తరవాత మా ఇంటికి కోడలొచ్చింది.

మా తాత వదిలి వచ్చిన ఊరు శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున ఉంది. అక్కడి పిల్లే. చేపలు పట్టేవాళ్ల పిల్ల అయ్యుండి, వైజాగ్ నుంచి షిప్పులో వస్తూ దారి పొడవునా వాంతులు చేసుకుందట. మా వాడు ఆ సంగతి చెప్పి నవ్వుతుంటే, నిలబడే ఓపిక లేకపోయినా, "ఒడ్డు మీద పుట్టేను గాని పడవలో పుట్టలేదు కదా!" అని వాడికి చురక పెట్టింది. నాకు ఆ క్షణమే నచ్చేసింది. ఆ పిల్ల "ఏటత్తా?" అంటుంటే మా నాయనమ్మ గొంతు విన్నట్టు ఉండేది. నాయనమ్మ పోయాక ఆ "ఏటి" అనే మాట నా చెవిన పడలేదు.

మాది అచ్చ తెలుగు ఇల్లని నాకు మహా గొప్ప. ఇక్కడ పుట్టిన మా ఈడు వాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. మా నాన్న పలక ముందేసి, చెవి మెలేసి నాకు అక్షరాలు నేర్పాడు. అందుకని కోడలు వచ్చాక ఇంట్లో హాయిగా మాట్లాడుకుంటాం అనుకున్నాను. మొదటి రోజు పొద్దున్నే కేకేశాను: "నల్లా ఆయా! బాల్టీ పెట్టు, జల్దీ భర్ చెయ్యి!" పిల్ల కదల్లేదు. నా ముఖం చూస్తోంది. కుళాయి వచ్చింది, బకెట్ పెట్టి తొందరగా నింపమని నేను తెలుగులోనే చెప్పాననుకున్నాను మరి! చాయ్ తాగి "మీఠా కొంచెం కమ్ అయింది" అన్నాను. పంచదార డబ్బా వైపు నేను చెయ్యి చాపితే గాని తనకి తెలియలేదు. మా వీధిలో అరవవాళ్లున్నారు, బెంగాలీలున్నారు, రాంచీ వాళ్లున్నారు. అందరమూ కలిస్తే హిందీయే. ఆ హిందీ మా తెలుగులోకి ఎప్పుడు ఎంత వచ్చి కూర్చుందో మేమెవరమూ చూసుకోలేదు.

పిల్ల తెలివైనది. అడగడానికి మాత్రం మొహమాటం. నేను ఏం చెప్పినా "ఆఁ అత్తా" అనేది. అర్థమైనా ఆఁ అత్తా, కాకపోయినా ఆఁ అత్తా. నా చేతులు ఎటు తిరుగుతున్నాయో చూసి ఊహించుకుని పని చేసేది. మొదట్లో పాటలు పాడుకునేది, తరవాత అవి ఆగిపోయాయి. మధ్యాహ్నాలు తొట్టె ముందు పీట వేసుకుని కూర్చునేది. ఓ రోజు నేను వచ్చేసరికి అక్కడే ఉంది. "ఈటికి మాటలక్కర్లేదు కదత్తా. బాగుంది" అంది. 

వాళ్ల అక్క పురిటికని తనని వైజాగ్ షిప్పులో ఊరికి తీసుకెళ్లాలని అనుకున్నాం. "వెళ్లి వస్తుందిలే అమ్మా" అన్నాడు నా కొడుకు. ఆ "వస్తుందిలే"లో వాడికే నమ్మకం లేదు. ఎందుకో నాకు త్వరలోనే తెలిసింది. పెరట్లో నేను బట్టలు ఆరేస్తుంటే, పిల్ల వాననీళ్ల డ్రమ్ము పక్కన మెట్టు మీద కూర్చుని తండ్రితో ఫోన్లో మాట్లాడుతోంది.

"నాన్నా, ఈలు మంచోలే. మా అత్త అరుత్తాది గాని మంచిదే. కాని ఈలు మాటాడేది నాకు తెల్దు నాన్నా. రోజంతా చెవిటిదాన్లాగ ఉంటన్నాను. అక్క పురుడుకి వచ్చేత్తాను. వచ్చేక నన్ను మరి ఎల్లమనకు."

తడి బట్టలు నా చేతిలోనే ఉండిపోయాయి. కొడుకు కాపురం ఏమైపోతుందన్న దిగులు నాకు కలగలేదని కాదు, కలిగింది. కాని నిజం చెప్తున్నాను, అది రెండో దిగులు. "ఏటత్తా" అనే ఆ గొంతు లేకుండా ఈ ఇంట్లో నేను ఉండలేను. అదీ నా మొదటి దిగులు. వెళ్లి పక్కన కూర్చుని తల నిమరాలనిపించింది. నాకా అలవాటు లేదు. బజారుకి పోయి పెద్ద రొయ్యలు తెచ్చి "వండుకుందాం రా" అని గదమాయించాను. "ఆఁ అత్తా" అంది.

షిప్పుకి ఇంకా నెలపైన ఉందనగా ఆఫీసు పని మీద నేను దూరంగా రంగత్ ఊరికి వెళ్లాల్సి వచ్చింది. ఒక రాత్రి అక్కడే ఉండాలి. కొడుకేమో బోటు మీద ఉన్నాడు. అప్పటిదాకా తొట్టెలో నేను తప్ప ఎవరూ వేలు పెట్టలేదు. బస్సుకి టైమైపోతోంది, ఒక కాలు గడప బయట ఉంది. మాకు పెరట్లో బావి ఉంది గాని నీళ్లు ఉప్పగా ఉంటాయి, గిన్నెలకీ బట్టలకీ మాత్రమే వాడతాం. చేపలకి డ్రమ్ములో పట్టిన వాననీళ్లే పోస్తాను. ఆ బావి నీళ్లు ఎక్కడ పోసేస్తుందోనని నా భయం. "తొట్టెలో నీళ్లు తగ్గితే మీఠా పానీ కలుపు, సమ్‌ఝీ? ఇవి మీఠా పానీ చేపలు. ఖారా మాత్రం తగలనివ్వకు. తగిలిందంటే చచ్చిపోతాయి!"

"ఆఁ అత్తా."

మర్నాడు సాయంత్రం వచ్చి చెప్పులు విప్పాను. గాజు దగ్గరికి ఏదీ రాలేదు. తొట్టె నిండా బియ్యం కడిగిన నీళ్లలాంటి తెలుపు. దగ్గరికి వెళ్తే పులిసిన వాసన. చేపలన్నీ పైకి తేలి, నోళ్లు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. కొన్ని అడుగున ఇసుక మీద పడి ఉన్నాయి.

కోపం వస్తే నాకు తెలుగు రాదు. "క్యా కియా తూనే! క్యా డాలా ఇస్ మే!" అని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచాను. ఏం చేశావు, ఇందులో ఏం వేశావు అని. పిల్లకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. నా ముఖం మాత్రం అర్థమైంది. గోడకి అంటుకుపోయి, కళ్లనిండా నీళ్లతో అంది:

"నానేటీ తప్పు సెయ్యలేదత్తా. మీరు సెప్పినట్టే సేసేను. నీల్లు తగ్గితే పోసి, మీఠా కలిపేను."

"మీఠా కలపడమేంటే?"

"పంచదార. టీలోకి ఏత్తాం కదా, అలాగే. తక్కువయ్యిందేమోనని ఈరోజు ఇంకొంచెం ఏసేను." వెక్కుతూ మళ్లీ అంది: "కారం అయితే ముట్టుకోనే లేదత్తా. మీ మీద ఒట్టు. నిన్నటినుంచి మిరపకాయ తుంచలేదు. పెరుగన్నమే తింటన్నాను."

వంటగదిలోకి చూశాను. పోపుల పెట్టె పక్కనుండే కారం డబ్బా లేదు. వెనక తలుపు తీస్తే పెరటి అరుగు మీద ఉంది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, నోరు బిగించి తాడుతో కట్టి, పైన రాయి పెట్టింది. నేను ఖారా అంటే ఉప్పన్నాను. ఆ పిల్లకి అది కారం అని వినపడింది. కారం అంటిన చెయ్యి పొరపాటున తొట్టెకి తగులుతుందేమోనని, ముద్ద ముద్దకీ పచ్చిమిరపకాయ కొరుక్కునే పిల్ల చప్పిడి తిండి తిని కూర్చుంది.

ఆ రాయిని చూసి నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగదే! అరుగు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వుతూనే ముక్కు చీదుకున్నాను, కళ్లు తుడుచుకున్నాను. అత్తకి మతి పోయిందనుకుంది కాబోలు, పిల్ల పరుగెత్తుకెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. గ్లాసు అందుకుని, "ఇదే, ఇదే మీఠా పానీ అంటే" అన్నాను. "ఉప్పు లేని నీళ్లు. ఖారా అంటే ఉప్పు. కారం కాదే పిచ్చి తల్లీ."

పిల్ల ఒక్క క్షణం నన్ను చూసింది. తరవాత గొంతు లేపింది.

"మరి మంచినీల్లు అని సెప్పొచ్చు కదత్తా! మంచినీల్లు అని సెప్తే నాకు తెల్దా? రోజూ ఇలాగే సెప్తారు మీరు! సగం తెలుగు, సగం ఏటో! నానేటి సెయ్యాలి?"

నిజమే. మంచినీళ్లు. ఎంత చిన్న మాట! నా నోటికి ఎందుకు రాలేదో నాకే తెలియలేదు. ఆ పిల్ల నాకు ఎదురు చెప్పడం అదే మొదలు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. "ఇంకా అను, ఇంకా తిట్టు, ముందు ఆ బకెట్ పట్టు" అన్నాను.

ఇద్దరం కొంగులు బిగించాం. నీళ్లన్నీ ఒక్కసారి మారిస్తే చేపలు తట్టుకోవు. కొంచెం తోడి పారబోసి, కొంచెం వాననీళ్లు పోయాలి. బుడగల మోటారు ఆన్ చేద్దామంటే కరెంటు పోయింది. చాయ్ చల్లార్చినట్టు చెంబుతో ఎత్తు నుంచి పోస్తూ ఉన్నాం. అలా పోస్తే నీళ్లలో గాలి కలుస్తుంది. చేతులు నొప్పెడితే ఒకరి చెంబు ఒకరం అందుకున్నాం. చచ్చిపోయినవాటిని పిల్ల దోసిట్లో పట్టుకుని పెరట్లో బొప్పాయి చెట్టు మొదట్లో పాతింది. కూరగా తప్ప చేపని ఎన్నడూ చూడని ఇంటి ఆడపడుచు, వేలి కణుపంత చేప కోసం ముక్కు ఎగబీలుస్తూ మట్టి కప్పుతోంది. "నాను సంపేసేను" అంటుంటే, "నా హిందీ చంపింది, నోరు ముయ్యి" అన్నాను.

మర్నాటికి నీళ్లు తేటపడ్డాయి. మిగిలినవి కొన్నే. అవీ పైకి రాలేదు. చెక్క మొద్దు వెనక, ఒకదానికొకటి దూరంగా, ఏ మూలవి ఆ మూలే ఉండిపోయాయి. నీలం గీత వెలిసిపోయింది. మేత వేస్తే అటువైపైనా చూడలేదు. పిల్ల పీట మీద కూర్చుని చాలాసేపు చూసి, "ఈటికి తోడు లేదత్తా" అంది.  

బెంగాలీ భయ్యాకి మెయిన్‌లాండ్ నుంచి విమానంలో కొత్త చేపలు వచ్చాయని తెలిసి తనని వెంటపెట్టుకుని వెళ్లాను. దారంతా పెదాలు కదుపుతూనే ఉంది. దుకాణంలోకి వెళ్లి నేను నోరు తెరిచేలోపలే అంది: "భయ్యా, వో అకేలీ నహీఁ రహతీ. ఝుండ్ దో." అవి ఒంటరిగా ఉండవు, గుంపు ఇయ్యి అని. భయ్యా నోరు తెరిచి, తరవాత పకపకా నవ్వాడు. "అరే దీదీ, బహూ కో తో హిందీ ఆ గయీ!" మీ కోడలికి హిందీ వచ్చేసిందే అని. పిల్ల చెవులదాకా ఎర్రబడింది.

కొత్తవాటిని వదిలాక మొద్దు వెనకనుంచి పాతవి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. సాయంత్రానికి అన్నీ కలిసి ఒకే వైపు తిరుగుతున్నాయి. రంగు తిరిగొచ్చాక కొత్తవేవో పాతవేవో నాకూ తెలియలేదు, తనకీ తెలియలేదు.

అప్పటినుంచి ఇంట్లో ప్రతి మాటకీ తగువే. నేను "ఝాడూ ఎక్కడే" అంటే, "చీపురా అత్తా?" అని నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది. తెలుగు మాట నాకు గుర్తొస్తే సరే, రాకపోతే చెప్పేదాకా పని జరిగేది కాదు. తను మాత్రం వీధిలో నల్లా దగ్గర "మేరా బాల్టీ హటాయా కౌన్?" అని, నా బకెట్ తీసిందెవరని గట్టిగా దబాయించడం నేర్చింది. దాహం వేస్తే కూడా, నన్ను ఏడిపించడానికే, "అత్తా, మీఠా పానీ కావాలి" అనేది. "పంచదార వెయ్యనా?" అనేదాన్ని. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు. నవ్వీ నవ్వీ అది మా ఇంటి మాటైపోయింది.

కాని షిప్పు రోజు రానే వచ్చింది. తండ్రితో ఆనాడు అన్న మాట తను వెనక్కి తీసుకుందో లేదో నాకు తెలియదు. అడగడానికి నాకు నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడమంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. పెట్టె సర్దుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. చీరలన్నీ పెట్టేసింది. గోడకి కొక్కెం మీద ఒక్క రుమాలైనా మిగల్లేదు. అక్క పురిటికి వెళ్లే పిల్లకి అన్ని చీరలెందుకు? షిప్పు దగ్గర కాళ్లకి దండం పెట్టి, "చేపలకి మేత ఎక్కువ ఎయ్యకండత్తా" అంది. వస్తాననలేదు. నా కొడుకు వెనక మెట్లెక్కుతూ ఒక్కసారి తిరిగి చూసింది, అంతే.

షిప్పు సముద్రం మీద ఉన్నన్నాళ్లూ ఫోను లేదు. ఇల్లు చేరిందని కొడుకు ఒక మెసేజ్ పెట్టి ఊరుకున్నాడు. నేను ఆఫీసుకి వెళ్లొచ్చి చెప్పులు విప్పడం, చేపలు ముందుకి రావడం, వాటికి ఎవరి మీదా కోపం చెప్పబుద్ధి కాకపోవడం.

మెసేజ్ వచ్చిన మర్నాడు సాయంత్రం వీడియో కాల్ వచ్చింది. ఎత్తేసరికి తెరమీద పిల్ల నవ్వుతోంది. నవ్వి నవ్వి మాట రావడం లేదు.

"అత్తా! నిన్న ఇల్లు చేరేక ఏటయ్యిందో తెలుసా? దాహమేసి సచ్చిపోతన్నాను. మాకిక్కడ బోరింగు నీల్లు ఉప్పు కదా. అలవాట్లో మా అమ్మని మీఠా పానీ ఇయ్యమన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. అమ్మకేటీ తెల్దు. పక్కనోలెవులో మీఠా అంటే తీపి అన్నారంట. గ్లాసుడు నీల్లల్లో పంచదార కలిపి తెచ్చిందత్తా!"

ఇద్దరం నవ్వాం. ఫోను చేతిలో ఊగిపోయింది. ముందు తన నవ్వు ఆగింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నాకు నవ్వొచ్చింది గాని, ఎందుకు నవ్వుతన్నానో ఇక్కడ ఎవులికీ తెల్లేదత్తా. సెప్పినా తెల్లేదు."

"ఏం తెలియలేదే?"

"మన మాట," అంది.

నేను ఫోను తొట్టె వైపు తిప్పాను, చేపల్ని చూపిస్తున్నట్టు. నా ముఖం తనకి కనపడకూడదని. అవన్నీ ఒక్కసారిగా ఇటు తిరిగాయి.

"అక్క పురుడయ్యి, పదకొండో రోజు అవ్వగానే వచ్చే షిప్పుకి వచ్చేత్తాను. మా నాన్నకి సెప్పేసేను," అంటోంది ఫోను.

జాగ్రత్తగా ఉండమని, తొందరగా వచ్చేయమని మంచి తెలుగులో చెప్దామనుకున్నాను. కోపం వస్తే నాకు తెలుగు రాదని చెప్పాను కదా. సంతోషం వచ్చినా రాదని ఆ రోజే తెలిసింది. "జల్దీ ఆజా బేటా" అన్నాను.

"ఆఁ అత్తా" అంది.

ఈసారి అర్థమయ్యే అంది.